పొంతన కుదరని పాటలు

జాతకములు రెండును ముందుంచుకొని, నక్షత్రమునకు నక్షత్రము, రాశికి రాశి, గణమునకు గణము సరిచూచి, ముప్పదియారు గుణములలో ఎన్ని కలిసినవో వ్రేళ్లపై లెక్కించి, పురోహితుడు తలయూపిన పిమ్మట గాని శుభలేఖ అచ్చునకు పోని ఇండ్లు మనలో నేటికిని ఎన్నియో కలవు. అంత జాగరూకతతో కూర్చిన దాంపత్యము మూడేండ్లు నిండకుండ విచ్ఛిన్నమైనచో, పొంతన చూచినవారు గాని చూపించినవారు గాని లోపము తమదనక, ‘అంతయు గ్రహచారము’ అని నిట్టూర్చి ఊరకుందురు. ఆంగ్లమునందును ఈ గ్రహచారమునకు దగ్గరి మాట యొకటి కలదు. నక్షత్రములు అడ్డుపడిన ప్రేమికులను గూర్చి చెప్పుచు షేక్స్పియరు మహాకవి తన ‘రోమియో జూలియట్’ నాటకపు ప్రస్తావనలో ‘స్టార్-క్రాస్డ్’ అను విశేషణమును వాడెను. అమెరికా దేశపు కంట్రీ గాయని కేసీ మస్‌గ్రేవ్స్, తన వివాహభంగమునే వస్తువుగా గైకొని 2021 సెప్టెంబరు 10వ తేదీన వెలువరించిన పదునైదు పాటల ఆల్బమునకు ఆ మాటనే పేరుగా పెట్టెను. పేరు పెట్టిన వేళావిశేషమేమో, పాటలు వెలువడిన నెల దాటునంతలో అవి కంట్రీ సంగీతమగునా కాదా యని సంగీతపు పెద్దలు కూర్చుండి తీర్పు చెప్పవలసివచ్చెను. దాంపత్యమునకు కుదరని పొంతన పాటలకును కుదరలేదు.

ఈమె 1988 ఆగస్టు 21న టెక్సస్ రాష్ట్రమున జన్మించి, ఆ రాష్ట్రపు తూర్పు భాగమున గోల్డెన్ అను కుగ్రామమున పెరిగెను. ఆ ఊరికి గల ప్రఖ్యాతి యంతయు ఏటేట జరుగు చిలగడదుంపల ఉత్సవము వలన వచ్చినదే. బాల్యముననే పాట కట్ట నేర్చి, మాండొలిన్ మీటి, కాపరుల పాటలలో గొంతును క్షణమాత్రమున క్రిందినుండి పైకి విరిచెడి యోడెల్ పద్ధతిని అభ్యసించి, ఊరూర చిన్న వేదికలపై పాడుచు పెద్దదైన ఈ బాలిక, 2007లో ‘నాష్‌విల్ స్టార్’ అను టెలివిజన్ పోటీలో పాల్గొని ఏడవ స్థానముతో సరిపెట్టుకొనెను. ఆ పోటీలో ఈమెకంటె ముందు నిలిచిన ఆర్గురి పేర్లు నేడెందరికి జ్ఞాపకమున్నవో చెప్పజాలను. 2013లో వెలువడిన ‘సేమ్ ట్రెయిలర్ డిఫరెంట్ పార్క్’ అను ఆల్బమున, చిన్న ఊళ్లలో వేళకు పెండ్లి, వేళకు పిల్లలు, ఆదివారము చర్చి, వాని చాటున ఎవరికి వారు దాచుకొను వ్యసనములు, ఈ రంగులరాట్నమును కోపము లేకుండ, నవ్వు చెడకుండ పాడి, మరుసటి సంవత్సరము ఉత్తమ కంట్రీ ఆల్బమునకు గ్రామీ బహుమానము నందెను. అనగా ఈమె ఆ సంప్రదాయమునకు పరాయిది కాదు. ఆ యింట పుట్టి, ఆ యింటి గుట్టు పాటగా కట్టిన ఆడపడుచు.

తగవు సారమెరుగుటకు కంట్రీ సంగీతమనగా నేమో కొంత తెలియవలెను. పేరును బట్టి ఇది మన జానపదము వంటిదనియు, ఒక జాతివారి అనాదియైన, కల్తీ లేని పల్లెపాట యనియు మనవారు తలచుట సహజము; అట్లు తలచు అమెరికనులకును కొదువ లేదు. వాస్తవమరయగా అంతటి కలగూరగంప వేరొకటి కానరాదు. అప్పలేచియన్ కొండలలో కాపురమున్న స్కాట్లండు, ఐర్లండు వలసదారులు వెంటదెచ్చుకొన్న కథాగేయములును ఫిడేలును, బానిసలుగా కొనితేబడిన ఆఫ్రికావారి వలన వచ్చిన బాంజోయును బ్లూస్ బాణీయును, హవాయి దీవుల నుండి వచ్చిన స్టీల్ గిటారును, చర్చి కీర్తనలును ఒక్క పొయ్యిపై ఉడికి ఈ రుచి ఏర్పడినది. 1927 వేసవిలో విక్టర్ రికార్డు కంపెనీ పక్షమున రాల్ఫ్ పియర్ అనునతడు టెన్నెస్సీ, వర్జీనియా రాష్ట్రముల సరిహద్దునగల బ్రిస్టల్ పట్టణమునకు వచ్చి, ఒక టోపీల కంపెనీ గిడ్డంగిలో యంత్రములు నిలిపి, చుట్టుపట్ల పాటకాండ్రను రావించి పాడించెను. కార్టర్ కుటుంబమును, జిమ్మీ రోజర్స్‌ను లోకమునకు వినిపించినది ఆ గిడ్డంగియే. రైలుబండ్లపై బ్రేకుల పని చేసి బ్రతికిన ఈ రోజర్స్, నల్లవారి బ్లూస్‌లో ఆల్ప్స్ పర్వతముల యోడెల్‌ను కలిపి పాడెను. 1930లో అతడిచ్చిన ఒక రికార్డునకు ట్రంపెట్ ఊదినవాడు జాజ్ సంగీతమున సాటిలేని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. మూలపురుషుడని పూజలందుకొను వాని పాటయే ఇట్లుండగా, తరువాతివారి పాటలకు గోత్రప్రవరలు అడుగుట వింతగా తోచును.

అయినను అడుగువారు ప్రతి తరమునను ఉందురు. నాష్‌విల్ నగరమున 1925 నుండి నడచుచున్న ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ రేడియో సభలో చాలకాలము డ్రమ్ములకు ప్రవేశము లేకుండెను. మనము నవ్వనక్కరలేదు, 1940 నుండి మూడు దశాబ్దములు మన ఆకాశవాణి హార్మోనియమును గడప తొక్కనీయలేదు. ఆ వెలి నడచుచున్నప్పుడే, తానును అదే పడమటి నుండి వచ్చిన ఫిడేలు, బాలుస్వామి దీక్షితుల కాలమున మన సంగీతమున అడుగిడి, ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో విజయనగరపు బిడ్డయై, అదే ఆకాశవాణిలో దర్జాగ మ్రోగుచుండెను. టెక్సస్ బాలిక మీటిన మాండొలిన్‌నే మన పాలకొల్లు శ్రీనివాసు త్యాగరాజ కృతులకు ఒప్పించెను. వాద్యమునకు కులము లేదనుట సులభము. కావలివారిని ఒప్పించుటయే కష్టము.

మస్‌గ్రేవ్స్ ఈ కావలివారిని మొదట ఒప్పింపగలిగెను. 2018లో డేనియల్ టాషియన్, ఇయాన్ ఫిచక్ అను ఇరువురు నిర్మాతలతో కలిసి రూపొందించిన ‘గోల్డెన్ అవర్’ ఆల్బమునందు బాంజో ప్రక్కనే మనిషి గొంతును యంత్రనాదముగా మార్చు వోకోడర్ వినబడును. ఒక పాటయందు శుద్ధమైన డిస్కో తాళము నడచును. అవి నూతన వధువు పాటలు; అంతకు ముందటి సంవత్సరము అక్టోబరులో ఆమె రస్టన్ కెల్లీ అను పాటకవిని వివాహమాడియుండెను. సంధ్యాకాంతి వంటి ఆ ఆల్బమునకు 2019 ఫిబ్రవరిలో ఆ సంవత్సరపు సర్వోత్తమ ఆల్బము బహుమానమును, ఉత్తమ కంట్రీ ఆల్బము బహుమానమును కలిసివచ్చెను. సంతోషమున చేసిన సాహసమును లోకము సులువుగ క్షమించును గాబోలు. 2020లో ఆ దంపతులు విడిపోయిరి.

విడాకులు కంట్రీ సంగీతమునకు క్రొత్త వస్తువు కాదు. అది దానికి అన్నము నీళ్లు. హాంక్ విలియమ్స్ మోసకారి హృదయమును గూర్చి రికార్డు చేసిన పాట, 1953 జనవరి మొదటి తేదీన అతడు గతించిన పిమ్మట వెలువడి ఇంటింట మ్రోగెను. 1968లో టామీ వైనెట్, పసివానికి తెలియకుండ విడాకులను అక్షరము తరువాత అక్షరముగా పలుకు తల్లి పాట పాడి జనుల కంట తడి పెట్టించెను. వీనికన్న మన ప్రస్తావనకు దగ్గరిది విల్లీ నెల్సన్ 1974లో వెలువరించిన ‘ఫేజెస్ అండ్ స్టేజెస్’: ఒక వివాహపు అంతమును రికార్డు మొదటి ప్రక్కన స్త్రీ పక్షమునుండి, త్రిప్పి వేసినచో పురుషుని పక్షమునుండి చెప్పిన కావ్యమది. నాష్‌విల్ పద్ధతులు విడిచి, సోల్ సంగీతమునకు పేరొందిన అలబామాలోని మజిల్ షోల్స్‌లో దానిని నెల్సన్ రికార్డు చేసెను. దుఃఖమునకు క్రొత్త గొంతు వెదకుకొనుచు ఊరు దాటిన కంట్రీ కవి కేసీకి ముందే ఉండెనన్నమాట.

దుఃఖమునకు క్రొత్త గొంతు ఏల కావలసివచ్చును? ఇచ్చట మన ఆలంకారికుల విచారణ యొకటి నాకు అక్కరకు వచ్చినది. వియోగశృంగారమునకును కరుణమునకును భేదమేమన్న ప్రశ్నకు, మొదటిది సాపేక్షమనియు రెండవది నిరపేక్షమనియు భరతుడు నాట్యశాస్త్రమున సమాధానము చెప్పెను. అనగా విప్రలంభమున ప్రియుడు తిరిగి వచ్చునను ఆశ మిగిలియుండును, కరుణమున ఆ ఆశ నశించును. క్షేత్రయ్య పదములలోని నాయిక ఎంత అలిగినను, ఎన్ని నిష్ఠురములాడినను, తలుపు ఓరవాకిలిగనే యుంచును. కాని విడాకులు పొందిన స్త్రీ దుఃఖము ఈ రెండు గదులలో దేనియందును ఇముడదు. ప్రియుడు జీవించియే యున్నాడు. అతని పాటలు రేడియోలో వినవచ్చుచున్నవి. అతనిపై ప్రేమయు పూర్తిగా చావలేదు. అయినను పునస్సమాగమము కోరదగినది కాదని, కోరినను కుదరదని, తానే సంతకము చేసి యున్నది. ఆశ లేని విప్రలంభమా ఇది, మృత్యువు లేని కరుణమా? పేరు లేని రసమునకు ఒకే బాణీ, ఒకే వాద్యబృందము చాలకపోవుట నాకు సహజముగనే తోచుచున్నది.

ఆ విషాదమును నాటకముగా చూచుట ఆమెకు తోచిన మార్గము. పుట్టగొడుగులలోని సైలోసిబిన్ అను మనఃప్రభావక ద్రవ్యమును ఒక మార్గదర్శి పర్యవేక్షణలో చికిత్సగా సేవించినప్పుడు ఈ ఆలోచన రూపుకట్టెనని ఆమెయే బహిరంగముగా చెప్పినది. అది అనుసరింపదగిన మార్గమని నేననను, దాచుటకును కారణము లేదు. ప్రాచీన గ్రీకు విషాదనాటకముల ఛాయలో ఆల్బమును మూడంకములుగా విభజించి, వెనుకటి నిర్మాతలిరువురితోనే నాష్‌విల్‌లో నిర్మించి, బార్డియా జీనాలీ దర్శకత్వమున దానికొక చలనచిత్రమును గూడ జతపరచెను.

తెర లేచుట గంభీరముగ నుండును. పురాతన దేవాలయమున వినవచ్చు బృందగానము వంటి స్వరములు, వాని నడుమ స్పెయిను దేశపు ఛాయగల గిటారు, అటుపై కథకురాలి గొంతు: ఇరువురు విడిపోయిరన్న కథాంతమును మొదటనే చెప్పివేయు నాంది యది. ఏమి జరుగునో ముందే చెప్పిన పిమ్మట, ఎట్లు జరిగెనో వినుటకు శ్రోత స్థిమితపడును. రెండవ పాట మంచి ఇల్లాలిగ ఉండజేయుమని దైవమును వేడు ప్రార్థన. అయితే ఆ ప్రార్థన చర్చి ఆర్గన్‌పై గాక, యంత్రముపై కొట్టిన నిర్దాక్షిణ్యమైన తాళముపై నడచును. ఉదయమున కాఫీ కాచి, మగని ముఖము కనిపెట్టి మెలగవలెనన్న కోరిక, గడియారపు ముల్లువలె కదలు ఆ తాళముపై వినవచ్చునప్పుడు, ప్రార్థించుచున్నదో నటించుచున్నదో శ్రోతకు సందేహము పుట్టును. అదే పాటను వట్టి గిటారుపై పాడినచో ఈ సందేహము పుట్టదు. కలయికలోని ప్రయోజనము ఇట్టిచోట తెలియును. అలంకారమునకై తగిలించిన క్రొత్తదనము కాదది.

సంసారమును పోషించు స్త్రీని గూర్చిన ‘బ్రెడ్‌విన్నర్’ పాట ఇంకను చమత్కారమైనది. భార్య కీర్తియు సంపాదనయు కొంతకాలము ముచ్చటగొలిపి, పిమ్మట తన అహమునకు గుచ్చుకొనగా, ఆమె వెలుగును తగ్గింపజూచు పురుషుడు అందలి ప్రతినాయకుడు. ఈ ఫిర్యాదును ఆమె ఏడుపు బాణీలో గాక, నాట్యశాలలో అడుగులు వేయించు బాణీలో పాడెను. హైదరాబాదు సాఫ్ట్‌వేరు కొలువులలోనున్న మన ఆడపడుచులు ఈ పాటకు వ్యాఖ్యానమడుగరు.

ఆల్బమునకు ప్రాణము, నా మట్టునకు, ‘కెమెరా రోల్’. వినుటకు ఇందు వింత వాద్యమేదియు లేదు; మెత్తని గిటారు, నెమ్మదియైన గొంతు, అంతే. వస్తువుననే క్రొత్తదనమున్నది. పూర్వము విడిపోయినవారు ఉత్తరముల కట్టను కాల్చివేయుదురు, లేదా పెట్టె అడుగున పడవేయుదురు. నేటివారి ఉత్తరముల కట్ట జేబులోని ఫోనులో, తేదీల క్రమమున, ఎడతెగక పేర్చబడియుండును. వ్రేలితో వెనుకకు జరుపుకొనుచు పోయినకొలది కాలము వెనుకకు నడచి, ఒక దినమున ఇరువురును నవ్వుచు కనబడుదురు. ఆ బొమ్మలను తుడిచివేయ మనసొప్పదు, చూడను మనసొప్పదు. ఫొటో తీసినవాడు ఫొటోలో కనబడడు గాని, తనను చూచి ఆమె నవ్విన నవ్వులో నిలిచియుండును. దుష్యంతుడు తానే చిత్రించిన శకుంతల పటమును ముందుంచుకొని విలపించిన ఘట్టము కాళిదాసు నాటకమున చదివిన మనకు ఈ వేదన అపరిచితము కాదు. కాని దుష్యంతునికి చిత్రపటము ఒక్కటే, ఈమెకు వేలకొలది. యంత్రము మనిషికంటె నమ్మకముగ జ్ఞాపకముంచుకొనుట వరమా శాపమా యని ఇంత తేటగ అడిగిన పాట నేను వేరొకటి వినలేదు.

మూడంకములు సమానముగ పండినవని మాత్రము అనజాలను. చిన్ననాటి అమాయకపు దినములను తలపోయు ‘సింపుల్ టైమ్స్’ వంటి పాటలు విను వేళ హాయిగ నుండి, విన్న పిమ్మట నిలువవు. ‘గోల్డెన్ అవర్’లో ఒక్కొక్క పాటను చెక్కిన ఓర్పు ఇందు కొన్నింట లోపించినది. చివరి అంకమున ఊరటకు తొందరపడినట్లు తోచును. గాయము మానకమునుపే కట్టు విప్పినట్లుండును. మొదటినుండి చివరకు ఒక్క బిగిన వినుటకు కూర్చిన నాటకమని ఆమె చెప్పినను, పాటను పాటగ త్రుంచి వినుటకు అలవడిన నేటి శ్రోతలు ఎందరు అట్లు వినిరో! అయినను తప్పటడుగులతో కూడిన ఈ ఆల్బమునే, దోషము లేని దాని అక్కకంటె నేను తరచుగ వినుచుందును.

ఇక తీర్పు. గ్రామీ బహుమానములిచ్చు రికార్డింగ్ అకాడమీ, ‘స్టార్-క్రాస్డ్’ కంట్రీ ఆల్బముల వర్గమునకు అర్హము కాదని 2021 అక్టోబరులో నిర్ణయించి, దానిని పాప్ వర్గమునకు తరలించెను. యూనివర్సల్ కంపెనీ నాష్‌విల్ శాఖకు అప్పుడు అధ్యక్షురాలైన సిండీ మేబ్ అకాడమీకి నిరసనలేఖ వ్రాసెను. నిర్మాతలు వారే, ఊరు అదే, వోకోడర్‌తోను డిస్కోతోను కూడిన వెనుకటి ఆల్బమునకు మూడేండ్లనాడు ఉత్తమ కంట్రీ ఆల్బమని కిరీటము పెట్టినవారును వారే. వినోదమేమనగా, ఆల్బము కంట్రీ కాదన్న ఆ అకాడమీ నుండియే, అందలి ‘కెమెరా రోల్’కు ఉత్తమ కంట్రీ పాట, ఉత్తమ కంట్రీ ఏకగానము అను రెండు వర్గములలో నామినేషన్లు వచ్చెను. బిడ్డ మా గోత్రము, తల్లి కాదు! పాప్ వర్గమున ఆల్బమునకు పిలుపు రానేలేదు; అటు పుట్టిల్లు వెళ్లగొట్టగా, ఇటు అత్తిల్లు తలుపు తీయలేదు. జనులు కొన్న, విన్న లెక్కను బట్టి పట్టిక కూర్చు బిల్‌బోర్డ్ పత్రిక మాత్రము దీనిని కంట్రీ ఆల్బముల పట్టికలో మొదటి స్థానమున నిలిపెను.

అకాడమీ పక్షమున ఒక మాట చెప్పవలెను. వర్గము అనునది ఉన్నంతకాలము దానికి ఎల్లయు ఉండవలెను గదా. ఎల్ల ఉన్నచోట దానిపై నిలుచున్నవారికి అన్యాయము తప్పదు. 2025 ఫిబ్రవరిలో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’కు ఉత్తమ కంట్రీ ఆల్బము బహుమానమిచ్చిన పిమ్మట, ఆ సంవత్సరమే అకాడమీ ఆ వర్గమును సాంప్రదాయికమనియు సమకాలికమనియు రెండుగ చీల్చెను. ఈ భాగపంపిణీ 2021లోనే జరిగియున్నచో ‘స్టార్-క్రాస్డ్’కు ఒక గది దొరికియుండును. ఆమె అందుకొరకు వేచియుండలేదు. 2024లో ‘డీపర్ వెల్’ అను శాంతమైన ఆల్బము వెలువరించి, అందలి ‘ది ఆర్కిటెక్ట్’ పాటకు ఉత్తమ కంట్రీ పాట బహుమానము పొందెను. కెల్లీయు తన పక్షమున 2023లో ‘ది వీక్‌నెస్’ అను ఆల్బమున ఆ విడాకుల వేదనను పాడుకొనెను. విల్లీ నెల్సన్ ఒక్క రికార్డులో ఇమిడ్చిన రెండు ప్రక్కలు ఇచ్చట రెండు ఆల్బములైనవి.

‘స్టార్-క్రాస్డ్’ చివరి రెండు పాటలను గూర్చి చెప్పక విడువజాలను. పదునాలుగవ పాట డిస్కో. అది ముగింపునకు వచ్చుచున్నదనుకొను వేళ ఎవరును ఊహింపని వేణువొకటి లేచి, తాళముపై పురివిప్పి ఆడును. జిమ్ హోక్ వాయించిన ఆ వేణువును విని చకితుడనైతిని. పదునైదవది ఆమె వ్రాసినది కాదు. చిలీ దేశమున పల్లెపల్లె తిరిగి జానపదగేయములు సేకరించిన వయొలెటా పార్రా 1966లో రికార్డు చేసిన ‘గ్రాసియాస్ ఎ లా వీడా’, అనగా జీవితమునకు ధన్యవాదములు చెప్పు పాట. కనులిచ్చినందుకు, చెవులిచ్చినందుకు, పలుకిచ్చినందుకు జీవితమునకు కృతజ్ఞత చెప్పిన ఆ గాయని, 1967 ఫిబ్రవరిలో తన ప్రాణము తానే తీసికొనెను. అంతకు కొంతకాలము ముందు ఆమెను విడిచి బొలీవియాకు పోయిన ప్రియుడు గిల్బర్ట్ ఫావ్ర్, స్విట్జర్లండు దేశీయుడు, కెనా అను ఆండీస్ పర్వతముల వేణువు వాయించువాడు. వేణువాగిన వెంటనే వచ్చు ఈ పాటలో టెక్సస్ గాయని గొంతు స్పానిష్ పదములను పలుకుచు, యంత్రములలో బడి చెదరి, దూరపు రేడియో నుండి వచ్చునట్లు సన్నగిల్లును. ఎవరి పాట ఎవరు పాడుచున్నారో తెలియనంతగ మసకబారి, అట్లే ఆగిపోవును.